సభలో ఇచ్చిన మాటకు బలం ఎంత?

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లుపై చర్చ సందర్భంగా 2014 ఫిబ్రవరి 20న నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో ఒక ప్రకటన చేశారు. 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా అన్నది అందులోని ముఖ్యాంశం. ప్రతిపక్షంలో ఉన్న వెంకయ్య నాయుడు పదేళ్లు కావాలని పట్టుబట్టారు. చట్టంలో మాత్రం ఆ మాట చేరలేదు, హోదా రాలేదు.

కొన్ని మాటలు విషయాన్ని చెప్పి ఊరుకోవని, పలకడంతోనే ఒక పని చేస్తాయని బ్రిటిష్ తత్త్వవేత్త జె.ఎల్. ఆస్టిన్ ప్రతిపాదించారు. వాగ్దానం అలాంటిదే. అయితే పలికేవారికి తగిన అధికారం ఉండాలి, పద్ధతి పూర్తి కావాలి. ప్రత్యేక హోదాను నిర్ణయిస్తూ వచ్చినది జాతీయాభివృద్ధి మండలి. అందువల్ల ప్రధాని మాటతోనే హోదా సిద్ధించలేదు. అయినా వాగ్దానం చేసిన బాధ్యత మిగిలే ఉంటుంది. ఈ రెండింటినీ కలిపివేయడమే చర్చలోని తొలి తికమక.

రెండవది వ్యాకరణానిది. ఆంగ్ల ప్రకటనలోని క్రియ కర్మణి ప్రయోగం. ఇచ్చేది ఎవరో అందులో కనబడదు. తెలుగులో ఆ ప్రయోగం కృతకంగా వినిపిస్తుంది కనుక ‘ఇస్తాం’ అనడమే సహజం. మూలంలో లేని కర్త అనువాదంలో ప్రత్యక్షమవుతాడు, శ్రోత అతడినే నిలదీస్తాడు.

తర్వాతి ప్రభుత్వం 14వ ఆర్థిక సంఘాన్ని చూపింది. ప్రత్యేక, సాధారణ రాష్ట్రాల మధ్య సంఘం తేడా పాటించలేదు కనుక హోదా ఇవ్వడం కుదరదన్నది ఆ వాదన. సంఘం తేల్చినది పన్నుల పంపకపు సూత్రం. రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. హోదా ఇవ్వడం, మానడం దాని పని కాదు. పైగా ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు ప్రధాన కేంద్ర ప్రాయోజిత పథకాలలో 90:10 నిష్పత్తి కొనసాగుతూనే ఉంది. అడిగినదొకటి, బదులు మరొకటి అయినప్పుడు న్యాయశాస్త్రం దానిని ‘అర్థాంతరం’ అంటుంది. వాదంలో ఓటమికి గుర్తులైన 22 నిగ్రహస్థానాలలో అదొకటి. 2016 సెప్టెంబరులో ప్రకటించిన ప్రత్యేక ప్యాకేజీని నాటి రాష్ట్ర ప్రభుత్వమూ స్వాగతించింది. దానితో పాత మాట తీరినట్టేనా అన్న ప్రశ్న 2018లో తెలుగుదేశం ఎన్డీయేను వీడేదాకా తెచ్చింది.

మంత్రులు సభలో ఇచ్చే హామీల నెరవేర్పును పరిశీలించేందుకు ఉభయ సభలలోనూ కమిటీలున్నాయి. ఏయే పదబంధాలు హామీ కిందికి వస్తాయో అక్కడ జాబితాయే ఉంది. ‘పరిశీలిస్తాం’ అన్నా లెక్కే. సాధారణ గడువు మూడు నెలలు. అయితే ఈ కమిటీలు నివేదిక ఇవ్వగలవే గాని అమలు చేయించలేవు.

న్యాయస్థానాల దారి కూడా సూటిగా సాగలేదు. పేద అద్దెదారుల అద్దె చెల్లిస్తామని 2020 మార్చిలో ఢిల్లీ ముఖ్యమంత్రి విలేకరుల సమావేశంలో అన్న మాటను అమలు చేయదగిన వాగ్దానంగా ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2021 జూలైలో పరిగణించింది. రెండు నెలలకు ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.