హీరోనా, కెప్టెనా?



ఈ గ్రూపులో స్కాలర్‌షిప్పుల మీద, నోటిఫికేషన్ల మీద, పోడు భూముల మీద పెద్ద పెద్ద పోస్టులు చదువుతుంటాం. ఈసారి మేం ఒక కంప్యూటర్ గేమ్ గురించి రాస్తున్నాం. నవ్వకండి. చివరిదాకా చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాం.

మేం అంటే హాస్టల్లో ఒకే రూములో ఉండే నలుగురం. ముగ్గురం కోయ, ఒకరు కొండరెడ్డి. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గేటు దాటిన మొదటి మనుషులం మేమే. పోయినేడు చదువైపోయి వెళ్తూ ఒక అన్న తన పాత కంప్యూటర్ మాకు వదిలిపెట్టాడు. అందులో పెద్ద గేములు నడవవు. నడిచేది ఒక్కటే, ది బ్యాటిల్ ఫర్ వెస్‌నాత్. 2003లో డేవిడ్ వైట్ అనే ఆయన మొదలుపెడితే, తర్వాత ఎంతోమంది వలంటీర్లు చెయ్యేసి పెంచిన గేమ్ ఇది. ఉచితం. నెట్ లేకున్నా ఆడుకోవచ్చు. మాలాంటి వాళ్లకి ఇంకేం కావాలి?

చదరంగంలాగా మనదొక వంతు, ఎదుటివాళ్లదొక వంతు. నేలంతా ఆరు మూలల గడులు. తేడా ఏంటంటే ఇక్కడ మన సైనికులు పెరుగుతారు. మొదటి స్థాయి శత్రువుతో పోరాడితే ఒక పాయింటు అనుభవం వస్తుంది, వాణ్ని పడగొడితే ఎనిమిది. పాయింట్లు నిండితే సైనికుడు పై స్థాయికి పోతాడు, గాయాలన్నీ మానిపోతాయి. ఒక యుద్ధంలో బతికినవాణ్ని తర్వాతి యుద్ధంలో ఇరవై బంగారు నాణేలిచ్చి మళ్లీ పిలుచుకోవచ్చు. చచ్చినవాడు మాత్రం చచ్చినట్టే. అందుకే అసలు ఆట కత్తులతో కాదు. ఎవర్ని పెంచాలి, ఎవర్ని వదిలేయాలి అనేదే అసలు ఆట.

మేం ఆడింది కోన్రాడ్ అనే రాకుమారుడి కథ. మొదట్నుంచీ అతని పక్కన డెల్ఫాడర్ అని ఒక ముసలి మంత్రగాడుంటాడు. భలే బలవంతుడు. మేం చేసిన మొదటి తప్పు ఆయన్నే. ఎవడొచ్చినా ఆయన్ని ముందుకు తోసేవాళ్లం. యుద్ధాలు గెలిచాం. కానీ అనుభవమంతా ఆయనకే పోయింది, మిగతావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే. శత్రువు రెండు వైపుల నుంచి వచ్చిన రోజు తెలిసింది, డెల్ఫాడర్ రెండు చోట్ల ఉండలేడని.

రెండోసారి ఇద్దరు ఎల్ఫ్ ఫైటర్లను ఎంచుకున్నాం. ప్రతి చివరి దెబ్బ వాళ్లదే. కొత్తగా చేరినవాళ్లను వాళ్లకు అడ్డంగా నిలబెట్టాం, చస్తే చచ్చారని. అడవిలో నిలబడితే ఎల్ఫుకు మంచి రక్షణ ఉంటుంది, శత్రువు దెబ్బలు సగానికి పైగా గురి తప్పుతాయి. ఆ ధీమాతో ఒకణ్ని అంచున ఉంచాం. ఆ రోజు దెబ్బలన్నీ తగిలాయి. పది యుద్ధాల కష్టం ఒక్క వంతులో పోయింది.

మూడోసారి ఇక అందరికీ సమానం అనుకున్నాం. ఇదీ పనికిరాలేదు. పది మందికీ తలా కొంచెం పంచితే పది మందీ సగంలోనే ఆగిపోయారు, ఒక్కడూ గడప దాటలేదు.

నాలుగోసారి నేర్చుకున్నది రెండు విషయాలు. ఒకటి, గడప మీదున్నవాడికి ముందు చెయ్యివ్వాలి. ఇంకో దెబ్బతో పై స్థాయికి పోయేవాడెవడో చూసి ఆ దెబ్బ వాడికి వదలాలి, తర్వాత వాడి వెనకున్నవాడికి. రెండోది ఈ పోస్టుకి కారణం.

ఎల్ఫ్ ఫైటర్ పై స్థాయికి పోయేటప్పుడు గేమ్ మనల్ని అడుగుతుంది: హీరోని చేయాలా, కెప్టెన్‌ని చేయాలా? హీరో గట్టిగా కొడతాడు. కెప్టెన్ దెబ్బ అంత గట్టిది కాదు. అంతకుముందు మేం కళ్లు మూసుకుని హీరోనే నొక్కాం. ఎవరు నొక్కరు? కానీ కెప్టెన్‌కి నాయకత్వం అనే గుణం ఒకటుంది. అతని పక్క గడుల్లో తనకంటే కింది స్థాయివాళ్లుంటే వాళ్ల దెబ్బ 25 శాతం పెరుగుతుంది. అతనింకో మెట్టెక్కి మార్షల్ అయితే మొదటి స్థాయివాళ్ల దెబ్బ 50 శాతం పెరుగుతుంది. ఒక్క షరతు, పక్క గడిలోనే ఉండాలి. రెండు గడుల దూరం పోతే ఏమీ ఉండదు.

ఇది అర్థమైన రాత్రి మేం ఆట ఆపేసి చాలాసేపు మాట్లాడుకున్నాం.

మన చదువులన్నీ హీరోల్ని తయారు చేసే చదువులే కదా. మాలో ఒకడు పదో తరగతిలో వెనక బెంచీ. వాళ్ల బడిలో తప్పకుండా పాసయ్యేవాళ్లని ముందు కూర్చోబెట్టి రాత్రిదాకా చదివించేవాళ్లు, మిగతావాళ్ల మీద టైం దండగ అనేవాళ్లు. ఆ దండగలో వీడూ ఉన్నాడు. సప్లిమెంటరీలో లెక్కలు గట్టెక్కి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. వాడితోపాటు వెనక కూర్చున్న ఆరుగురిలో చదువుతున్నది వీడొక్కడే.

ముందు బెంచీవాళ్లలో కొందరికి మంచి ఉద్యోగాలొచ్చాయి. సంతోషం. ఊరికి ఒక ఫ్లెక్సీ, పండక్కి ఒక ఫోటో. ఆ తర్వాత ఎవరి పక్క గడిలోనూ వాళ్లు లేరు. వాళ్లని తప్పు పట్టడానికి రాయడం లేదు. ఇంట్లో అప్పుంటుంది, చెల్లి పెళ్లుంటుంది, మొదటి జీతం కోసం ఇల్లంతా ఎదురుచూస్తుంది. ఇంటికి హీరో కావాల్సిందే. కానీ గూడేనికి కెప్టెన్ కావాలి. ఆ ఎంపిక ఉందని కూడా మనకెవరూ చెప్పలేదు. అదీ మా బాధ.

ఈ నెల మా హాస్టల్లో నిజంగానే ఆ ప్రశ్న వచ్చింది. ఇంటర్ తమ్ముళ్లు 23 మంది. లెక్కలు, ఇంగ్లిష్ చాలామందికి కష్టం. రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు మేం చెప్తామన్నాం. బాగా చదివే ఐదుగురిని తీసుకుందాం, ర్యాంకులొస్తే హాస్టల్‌కి పేరు అని మాలోనే ఒకడన్నాడు. రూములో పెద్ద గొడవ. రెండు రోజులు వాడు మాతో అన్నం కూడా తినలేదు.

చివరికి ఒప్పుకున్నది ఇదీ. ఆ ఐదుగురూ ఒక్కొక్కరు ముగ్గురు నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి గంట చెప్తారు. మేం వెనక ఉండి తప్పులు సరిచేస్తాం. రెండో గంట గడప మీదున్నవాళ్లకి, అంటే కొంచెం తోస్తే పాసయ్యేవాళ్లకి. వాళ్లు దాటాక వాళ్ల వెనకవాళ్లకి.

దీనివల్ల ఆ ఐదుగురికి రోజుకో గంట సొంత చదువు తగ్గుతుంది. అది నిజం, దాచం. కెప్టెన్ దెబ్బ హీరో దెబ్బకంటే చిన్నదే. అందుకే పరీక్షకి నెల ముందు వాళ్లని పూర్తిగా వదిలేస్తామని మాటిచ్చాం. వాళ్లనీ అడిగాం. నలుగురు సరేనన్నారు, ఒకడు కుదరదన్నాడు. వాణ్ని ఏమీ అనలేదు. గేమ్‌లో మనం సైనికుణ్ని అడక్కుండానే నొక్కేస్తాం. హాస్టల్లో అట్ల కుదరదు, కుదరకూడదు కూడా.

ఇంకో మాట. ఆ గేమ్‌లో షామన్ అని ఒక ఎల్ఫ్ అమ్మాయి ఉంటుంది. పక్క గడుల్లో గాయపడినవాళ్లకి ప్రతి వంతులో నాలుగు పాయింట్ల ప్రాణం పోస్తుంది. ఆమె లేకపోతే దళం నిలవదు. కానీ ఎంతమందిని బతికించినా ఆమెకు అనుభవం ఒక్క పాయింటు కూడా రాదు! పోరాడినవాడికే లెక్క. ఆమె త్వరగా పెరగాలంటే మిగతావాళ్లు చెయ్యాపుకొని చివరి దెబ్బ ఆమెకు వదలాలి.

మాలో ఒకడి అక్క పదో తరగతి పాసై ఆగిపోయింది, వీడు చదవాలని. మిరప కోతలకు, తునికాకుకు పోయి వీడి బస్సు ఛార్జీ పంపింది. వీడికి డిగ్రీ వస్తుంది. ఆమె చేసిన పనికి ఏ సర్టిఫికెట్ వస్తుంది? షామన్ గురించి మాట్లాడుకుంటుంటే వాడు లేచి బయటికి పోయాడు. తర్వాతి వారం నలుగురం డబ్బులేసుకుని అక్కను ఓపెన్ ఇంటర్‌లో చేర్పించాం. "ఇప్పుడెందుకురా నాకు" అంది. సంతకం మాత్రం పెట్టింది.

గేమ్ గేమే, జీవితం జీవితమే, తెలుసు. ఓడిపోతే పాత సేవ్ తెరిచి మళ్లీ మొదలుపెట్టొచ్చు. మేం కోన్రాడ్‌ని అట్ల ఎన్నిసార్లు బతికించామో లెక్కలేదు. వెనక బెంచీలో పోయిన ఆ ఐదుగురికి మాత్రం సేవ్ ఫైల్ లేదు.

కాబట్టి సీనియర్ అన్నలకు, అక్కలకు మా విన్నపం ఒక్కటే. ఉద్యోగం చేయండి, పట్నంలో ఉండండి, పెద్ద స్థాయికి ఎక్కండి. నెలకొక ఆదివారం ఏదో ఒక హాస్టల్లో ఎవరో ఒక తమ్ముడి పక్కన, చెల్లి పక్కన గంటసేపు కూర్చోండి. మీరు వాళ్ల బదులు కొట్టక్కర్లేదు. పక్క గడిలో ఉంటే చాలు, వాళ్ల దెబ్బ పెరుగుతుంది.

మీ హాస్టళ్లలో ఎట్ల చేస్తున్నారో రాయండి. మాది తప్పనిపిస్తే అదీ రాయండి.

జై ఆదివాసీ.