కుటీరం అలికింది ఎవరు?

ఈమధ్య ఆడవాళ్ళకి ఏ జబ్బు చేసినా మందు ఒకటే అయిపోయింది. నడుం నొప్పా? యోగా చెయ్యండి. నిద్ర పట్టడం లేదా? యోగా చెయ్యండి. అత్తగారితో పడడం లేదా? ప్రాణాయామం చెయ్యండి! చెప్పేవాళ్ళలో డాక్టర్లున్నారు, భర్తలున్నారు, అమెరికా నుంచి ఫోన్లు చేసే కొడుకులున్నారు. ఆ చేసేందుకు ఆవిడకి ఓ గంట ఎక్కణ్ణుంచి వస్తుందో మాత్రం ఒక్కరూ చెప్పరు.

యోగాని తిట్టడానికి కాదు నేను కలం పట్టింది. దాన్ని సగానికి కోసి, ఆ సగం ఆడదాని చేతిలో పెట్టి, "ఇది మన సంప్రదాయం" అనేవాళ్ళ మీదే నా కోపమంతా. సంప్రదాయమంటే సరే, అదేం చెప్పిందో పూర్తిగానే చూద్దాం రండి.

హఠయోగానికి పెద్దబాలశిక్షలాంటిది స్వాత్మారాముడి 'హఠయోగప్రదీపిక'. 15వ శతాబ్దం నాటిది. అందులో ఆసనాలకంటే ముందే మకాం సంగతి వస్తుంది. మంచి పాలన ఉన్న దేశంలో, భిక్ష సులువుగా దొరికేచోట, ఏకాంతంగా ఒక చిన్న కుటీరం ఉండాలట. వాకిలి చిన్నదిగా ఉండాలి. కిటికీలు ఉండకూడదు. పురుగూ పుట్రా చేరకూడదు. పేడతో నున్నగా అలికి ఉండాలి. అందులో కూర్చుని ఏ చింతా లేకుండా సాధన చెయ్యాలి.

నేను ఆ పేడ దగ్గరే ఆగిపోయాను. అలికిందెవరమ్మా? పుస్తకం చెప్పదు. భిక్ష దొరకాలంటే ఎవరింట్లోనో పొయ్యి వెలగాలి కదా. ఆ పొయ్యి ఊదిందెవరు? అదీ చెప్పదు. పైగా సాధన మొదలుపెట్టినవాడు నిప్పుకీ, స్త్రీకీ, ప్రయాణాలకీ దూరంగా ఉండాలని ఒక నియమం. నిప్పుకీ బాటకీ మధ్య మనల్ని ఇరికించారన్నమాట! వాళ్ళు సన్యాసులు, పోనిద్దురూ. కానీ నిప్పుకి దూరంగా ఉండి చెయ్యమన్న విద్యని, పొద్దస్తమానం ఆ నిప్పు ముందే నిలబడే మనిషికి ఇచ్చేటప్పుడు, ఇచ్చేవాళ్ళు ఒక్క క్షణం ఆలోచించొద్దూ?

ఇక ప్రాణాయామం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, అర్ధరాత్రి, నాలుగు పూటలా చెయ్యాలి. పూటకి 80 కుంభకాల దాకా మెల్లమెల్లగా పెంచుకోవాలి. ఆ "మెల్లమెల్లగా" అన్నమాట చాలా ముఖ్యం. సింహాన్నీ ఏనుగునీ పులినీ మచ్చిక చేసుకున్నట్టు ఊపిరిని లొంగదీసుకోవాలనీ, పద్ధతి తప్పితే ఎక్కిళ్ళు, ఉబ్బసం, దగ్గు, తలనొప్పి, చెవిపోటు వస్తాయనీ ఆ పుస్తకమే హెచ్చరిస్తుంది. మనవాళ్ళేమో టీవీ ముందు కూర్చుని, ఓ కన్ను పాలగిన్నె మీద వేసి, కపాలభాతి టపటపా కానిచ్చేస్తున్నారు. రక్తపోటు ఉన్నవాళ్ళు కూడా!

తిండి నియమాలు విన్నారో, మా కర్నూలువాళ్ళకి గుండె ఆగిపోతుంది. గోధుమలు, వరి అన్నం, పాలు, నెయ్యి, తేనె, పెసలు తినొచ్చు. జొన్నమాటే లేదు. కారం, పులుపు, ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి కూడదు. అంటే ఎర్రకారం లేదు, ఊరగాయ లేదు, ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ లేదు. అవి ఎలాగో మానుకున్నా, ఇంకొకటుంది. ఒకసారి చల్లారాక మళ్ళీ వెచ్చబెట్టిన తిండి తినకూడదట. రాత్రి మిగిలిన కూర పొద్దున వెచ్చబెట్టుకుని తినేది మన ఇళ్ళల్లో ఎవరు?

మా వీధిలో ఒకాయన రోజూ హాల్లో చాప పరిచి ప్రాణాయామం చేస్తాడు. ఆ సేపు ఇంట్లో మిక్సీ తిప్పకూడదు, కుక్కరు కూత పెట్టకూడదు. లేవగానే రాగిజావ సిద్ధంగా ఉండాలి. ఆయన భార్యకి మోకాళ్ళ నొప్పులు. "నువ్వూ ఆయన పక్కన కూర్చోరాదా" అన్నాను. "నేను కూర్చుంటే జావ యెవరు కాస్తారక్కా?" అంది. ఆయన సాధన ఎంత బాగా సాగుతోందో చెప్పుకోవడానికి ఆవిడే సాక్షి.

2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినం చేస్తున్నారు. 2025లో విశాఖ సముద్రపు ఒడ్డున, ప్రధానమంత్రిగారి సమక్షంలో లక్షలమంది ఆసనాలు వేశారు. సంతోషమే. కానీ 22వ తేదీ పొద్దున్నే ఆ వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కడున్నారు? నేను చెప్పనా?

యోగులకి మా సీమలో కొదవ లేదు. శ్రీశైలం ప్రాకారం రాళ్ళ మీద సిద్ధులు రకరకాల ఆసనాల్లో కనిపిస్తారు. నవనాథుల కథని గౌరన ద్విపదలో రాసింది అక్కడి మఠాధిపతి కోరికమీదే. కడప జిల్లాలో బ్రహ్మంగారి మఠం ఉంది. అక్కడి కథే ఒకటి నన్ను వదలదు. బ్రహ్మంగారు సిద్దయ్యకి ఒంట్లోని షట్చక్రాల గురించీ, వాటిలో ఉండే దేవతల గురించీ చెప్తుంటే కక్కయ్య చాటుగా విన్నాడట. ఇంటికెళ్ళి భార్య శరీరాన్ని కోసి చూశాడట. దేవతలు కనిపించలేదని వచ్చి తగువు పడితే, స్వామి ఆమెని బతికించారట. అందరూ కక్కయ్యకి కలిగిన జ్ఞానం గురించే చెప్తారు. దేవతల్ని చూడ్డానికి తన పొట్ట కోసుకోవాలని ఆయనకి తోచలేదేమని మాత్రం ఎవరూ అడగరు!

ఆడవాళ్ళలో యోగులు లేరా అంటే, లేకేం? తరిగొండ వెంగమాంబ (1730–1817) ఉన్నారు. యోగం గురించి పుస్తకమే రాశారు. అయితే ఆవిడకి చిన్నతనంలోనే భర్త పోయాడు. తీరిక కోసం ఆడది అంత ధర చెల్లించాలా? మొగుడూ పిల్లలూ అందరూ నిక్షేపంలా ఉండగానే మనకి ఆ గంట కావాలి.

కాబట్టి అడగండి. ఒక గది అడగండి. దానికి లోపలివైపు గడియ అడగండి. ఆ గంటలో పాలవాడికి ఇంకొకరు తలుపు తీయాలని చెప్పండి. "ఇదేం యోగా?" అంటే ప్రదీపిక మొదటి అధ్యాయం తీసి చూపించండి. పేడతో అలికిపెట్టమని కూడా నేననను. ఇప్పుడు మా ఇళ్ళల్లో అన్నీ బేతంచెర్ల నాపరాళ్ళే, ఓ తడిగుడ్డ పెడితే సరిపోతుంది. ఆ గుడ్డ ఎక్కడుంటుందో ముందు వాళ్ళకి చూపించాల్సి వస్తుందనుకోండి, అది వేరే సంగతి.