ఆపరేషను తరువాత సూదీ దారం పట్టవచ్చా?

"గర్భసంచి తీసేసి పన్నెండు రోజులైంది. కుట్లు విప్పారు. పగలంతా గోడకేసి చూస్తూ పడుకోలేకపోతున్నాను. ఎంబ్రాయిడరీ చేసుకుందామంటే, పొట్టమీద కుట్లు పిగిలిపోతాయని మా అత్తగారు సూది ముట్టుకోనివ్వడం లేదు. మా పెద్దమ్మ మాత్రం పెట్టెలోని పాత చీరలన్నీ తెచ్చి ముందు పడేసి, ఊరికే కూర్చోకుండా బొంత కుట్టుకోమంటోంది. ఎవరి మాట వినమంటారు?" అని ఒక సోదరి అడుగుతున్నారు.

అత్తగారి మాట ఎంబ్రాయిడరీ విషయంలో వినక్కరలేదు. పెద్దమ్మ మాట బొంత విషయంలో వినకూడదు. ఎందుకో చెబుతాను.

ఈ సోదరిలాటివారు మన ప్రాంతంలో తక్కువమంది కారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి 3 పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 8 దాటారు. వాటిలో నిజంగా అవసరమై చేసినవెన్ని అన్నది మరో వారం మాట్లాడుకోవలసిన సంగతి. ప్రస్తుతం ఆపరేషను అయి ఇంటికి వచ్చినవారి గురించే చెప్పుకుందాం.

వేళ్ళతో సూది ఆడించినంత మాత్రాన పొట్టలో కుట్లు కదలవు. పొట్ట కండరాలు బిగిసినప్పుడే గాయంమీద భారం పడుతుంది. బిందె ఎత్తినా, నేలమీదనుంచి ఒక్క ఉదుటున లేచినా, గట్టిగా దగ్గినా, మలబద్ధకంతో ముక్కినా అవి బిగుస్తాయి. పైన కుట్లు విప్పారు కదా, ఇక లోపల కూడా మానిపోయినట్టే అనుకునేవారు చాలామంది. చర్మం అతుక్కోవడం వేరు, గాయానికి బలం రావడం వేరు. మూడో వారం చివరికి కూడా గాయానికి మునుపటి బలంలో మూడో వంతైనా రాదు. మూడు నెలలకు నూటికి 80 వంతుల దాకా వస్తుంది. కెమెరా ఆపరేషను చేయించుకున్నవారు, "నాకు చిన్న చిన్న రంధ్రాలే కదా" అంటూ ఉంటారు. రంధ్రాలు చిన్నవే, కాని గర్భసంచి తీసిన చోట, యోని పైభాగాన, లోపల వేసిన కుట్లు అందరికీ ఒకటే. అవి మానడానికి ఆరు వారాలైనా పడుతుంది.

ఇక బొంత సంగతి. అయిదారు నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత రెండు మూడు కిలోలు తూగుతుంది. దాన్ని నేలమీద పరచాలి, గొంతుక్కూర్చుని వంగాలి, కుడుతూ కుడుతూ జరగాలి, మడతపెట్టి ఎత్తాలి. అన్ని పొరల్లోంచి దబ్బనం దూర్చడానికి భుజంనుంచి పొట్టదాకా బలం పెట్టాలి. పైగా ఏళ్ళ తరబడి పెట్టెలో మగ్గిన చీరలు దులిపితే తుమ్ములూ దగ్గులూ. కొత్తగా కోసిన పొట్టకు ఒక్క తుమ్ము చాలు, ప్రాణం విలవిల్లాడుతుంది. (తుమ్ము వస్తున్నట్టుంటే దిండు పొట్టకు హత్తుకుని తుమ్మండి, బాధ సగం తగ్గుతుంది.)

అంతమాత్రాన బొంత మానుకోనక్కరలేదు. అమ్మ చీరా, అమ్మమ్మ చీరా ఒకచోట చేరిన బొంతలోని మెత్తదనం కొన్న దుప్పట్లో ఎక్కడిది? ముక్కలుగా కుట్టుకోండి. చీరలు ఇంకెవరిచేతనైనా ఉతికించి ఎండలో ఆరవేయించండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలు కత్తిరించి, మూడేసి పొరలు కలిపి, మామూలు సూదితో రన్నింగ్ స్టిచ్ వేయండి. ఒక ముక్క ఒళ్ళో పట్టేంతే ఉంటుంది, బరువూ ఉండదు. రోజుకొకటి చొప్పున 35 ముక్కలు కుడితే ఐదు వారాలు గడిచిపోతాయి. వరుసకు ఐదేసి, ఏడు వరుసలు. వాటిని కలిపి కుట్టే పని మాత్రం మీది కాదు. మిషనుమీద ఎవరిచేతనైనా కుట్టించండి. కాలితో తొక్కే మిషను మీరు ఆరు వారాలదాకా ముట్టుకోవద్దు.

ఎంబ్రాయిడరీకయితే అయిదారు అంగుళాల చిన్న ఫ్రేము చాలు. మ్యాటీ గుడ్డమీద క్రాస్ స్టిచ్ అన్నిటికన్నా సుఖం, గడులు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. మగ్గం వర్కు ఇప్పుడు వద్దేవద్దు. ఆ చట్రంమీద గంటలకొద్దీ వంగి కూర్చోవాలి. ఆరోగ్యంగా ఉన్నవారికే మెడా నడుమూ పట్టేస్తాయి. మరొక మాట: ఎవరి పెళ్ళి జాకెట్టో ఫలానా తేదీకి కుట్టిస్తానని ఒప్పుకోవద్దు. తేదీ పెట్టుకుంటే అది విశ్రాంతి కాదు.

ఎలా కూర్చోవాలన్నది ముఖ్యం. మొదటి వారం నొప్పి మాత్రల మత్తు ఉంటుంది, సూది జోలికి పోకపోవడమే మేలు. ఆ తరువాత వీపు ఆనే కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకో పీటకో పూర్తిగా ఆనాలి. ఒళ్ళో దిండు పెట్టుకుని దానిమీద ఫ్రేము పెట్టుకుంటే పని కంటి దగ్గరికి వస్తుంది, మీరు దానిమీదికి వంగనక్కరలేదు. కత్తెరా దారాలూ చేతికందేలా ఉంచుకోండి. మంచంమీద కూర్చుని కుట్టవద్దు. పక్కబట్టల్లో పడ్డ సూది మీకే కాదు, పక్కన పడుకునే పసివాడికీ ప్రమాదం. సూదిలో ఎప్పుడూ ఎర్రదారమో పచ్చదారమో ఉండనివ్వండి, పడినా కనిపిస్తుంది. మధుమేహం ఉన్నవారు దర్జీలు వేలికి తొడుక్కునే రేకు తొడుగు తప్పక వాడాలి.

అరగంట కాగానే లేవండి. "ఈ పువ్వు అయిపోనీ" అని కూర్చోవద్దు. పొత్తికడుపు ఆపరేషను తరువాత కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలుకన్నా ఎక్కువ. మఠం వేసుకుని కదలకుండా కూర్చుంటే అది మరీ పెరుగుతుంది. వరండాలో నాలుగు సార్లు అటూ ఇటూ నడిచి వచ్చి మళ్ళీ సూది పట్టుకోండి. ఒక కాలి పిక్క వాచినా, నొప్పిగా వెచ్చగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరం, గాయంనుంచి చీము, దుర్వాసనతో తెలుపు, నెలసరిలా రక్తం పోవడం ఉంటే అదేరోజు డాక్టరుకు చూపించుకోండి.

ఇప్పుడు ఇంట్లో మిగతావారితో ఒక మాట. ఆమె కుర్చీలో కూర్చుని పువ్వులు కుడుతూ కనిపించేసరికి, "సూది పట్టగలిగిన చెయ్యి గరిటె పట్టలేదా?" అని ఎవరో ఒకరు అంటారు. పైకి అనకపోయినా చూపుతో అంటారు. ఆ చూపుకు జంకే చాలామంది మూడో వారానికల్లా వంటింట్లోకి వెళ్ళిపోతారు. వంటంటే గరిటె తిప్పడం ఒక్కటే కాదు. అన్నపు గిన్నె దించాలి, నీళ్ళు మోయాలి, సిలిండరు జరపాలి, వంగి లేవాలి. అవన్నీ ఆ గాయంమీద పడే బరువులే. ఆమె చేతిలోని సూది ఆమెను కుర్చీలో కూర్చోబెడుతోంది కనుక అది మీకు మేలే చేస్తోంది. ఆరు వారాలపాటు బిందె మీరెత్తండి.

కుట్టుపని ఆడవాళ్ళకే అనుకునే మగవారికి ఒక చిన్న సంగతి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులచేత ఆసుపత్రుల్లో ఎంబ్రాయిడరీ చేయించారు. వారు కుట్టిన వస్త్రాన్ని లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో 1919లో బలిపీఠానికి అలంకరించారు. హెర్నియా ఆపరేషను చేయించుకుని విసుక్కుంటూ పడుకున్న మీరు కనీసం చొక్కా గుండీ కుట్టుకోవడం నేర్చుకోవచ్చు. కంట్లో శుక్లం తీయించుకున్నవారు మాత్రం కొత్త కళ్ళజోడు వచ్చేదాకా సూదిపని పెట్టుకోవద్దు. రొమ్ముకో భుజానికో ఆపరేషను అయినవారు ఆ వైపు చెయ్యి ఎంతవరకు వాడవచ్చో డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒళ్ళంతా ఆవిర్లు, నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటాయి. రంగు దారాలు చేతిలో ఉంటే పొద్దు సులువుగా పోతుంది, నిజమే. కాని అది మందు కాదు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, దేనిమీదా మనసు నిలవకపోతే, దాన్ని కూడా జ్వరం చెప్పినట్టే డాక్టరుకు చెప్పాలి.

ఆరో వారం పరీక్షకు వెళ్ళినప్పుడు అందరూ "ఇంకేం తినకూడదు?" అనే అడుగుతారు. మీరు మాత్రం నేలమీద కూర్చోవచ్చా, మిషను తొక్కవచ్చా, బిందె ఎత్తవచ్చా అని మూడూ విడివిడిగా అడగండి. మూడింటికీ ఒకే జవాబు రాకపోవచ్చు.