మకాం అద్దెకివ్వబడును

(తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

మకాం అంటే ఏమిటో బెజవాడలో పుట్టి బెజవాడలోనే పెరిగిన మిత్రులకు ముందుగా విన్నవించుకోవాలి. నిఘంటువు తీస్తే బస, విడిది అని వుంటుంది. మా వైపు మాత్రం పొలం గట్టునో, చేపల చెరువు గట్టునో వేసుకున్న తాటాకు పాకని మకాం అంటారు. మధ్యన నిట్రాడు, దానిమీద దూలం, వాసాలు, పైన తాటాకు, కింద పేడతో అలికిన మట్టినేల. గోడకి ఒక కిటికీ వుంటే అది గొప్ప మకాం కింద లెక్క. కోతల రోజుల్లో ధాన్యం, మిగతా రోజుల్లో చేపల మేత బస్తాలు, ఒక నులకమంచం, ఒక టార్చిలైటు... ఇంతే సామగ్రి. ఇటువంటి దానికి రాత్రికి రెండున్నర వేలు అద్దె ఇచ్చేవాళ్ళు లోకంలో వున్నారంటే మా నాయనమ్మ నమ్మలేదు. "డబ్బులిచ్చి మరీ దోమల చేత కుట్టించుకుంటారటరా?" అని అడిగింది.

ఈ ఆలోచన మా యింట్లోకి అమెరికా నుంచి వచ్చింది. అక్కడ వుద్యోగం చేస్తున్న మా బావ నిరుడు భార్యాపిల్లలతో న్యూయార్క్ రాష్ట్రంలోని ఫింగర్ లేక్స్ అనే చోటికి వెళ్ళాడు. చేతివేళ్ళలాగా పొడుగ్గా పదకొండు సరస్సులు, వాటి వొడ్డుల వాలున ద్రాక్షతోటలు, ఆ తోటల్లోనే వైన్ తయారీ. అక్కడ ఒక కుటుంబం తమ పాత కర్రయింటిని వారానికింత అని అద్దెకిస్తుందట. మా బావ ఆ యింటి మెట్లమీద కూర్చుని ఫొటోలు దిగి పంపించాడు. కింద ఒక ముక్క రాశాడు: "మన మకాం దీనికి ఏం తీసిపోయింది? మామయ్యా, మీరు కూడా పెట్టండి."

అప్పట్నించీ మా యింట్లో రెండు పార్టీలు. నేను ఏ పార్టీయో చెప్పటానికే ఈ వ్యాసం.

బావ మాటని తీసిపారెయ్యటానికి వీల్లేదు. సరస్సు కావాలా? కొల్లేరు వుంది. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పడుకున్న మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు వంటి యేళ్ళు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రానికి మోసుకుపోతుంది. పక్షులు కావాలా? కైకలూరు పక్కన ఆటపాకలో చలికాలం గూడబాతులు వేల మైళ్ళ పేరుప్రఖ్యాతులేమీ ఎరగనట్టు పిల్లల్ని పెట్టుకుని కూర్చుంటాయి. పడవ కావాలా? తాటిమాను తొలిచిన దోనె వుంది. పండగ కావాలా? ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర వుంది. కూర కావాలా? బొచ్చె, శీలావతి, అదృష్టం బాగుంటే కొరమేను. మరి ద్రాక్షసారా? అదొక్కటే లేదు. దాని బదులు మా గట్లమీద తాడిచెట్లున్నాయి!

ఇక్కడ సైన్సు విద్యార్థిగా నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి. తాటిగెల చెక్కితే వూరే రసంలో నూటికి పది పన్నెండు పాళ్ళు చక్కెర. కుండ లోపల సున్నం పూస్తే అది పులవదు, అదే నీరా, చిన్నపిల్లలు కూడా తాగొచ్చు. సున్నం పుయ్యకపోతే గాలిలోంచీ, కుండ అంచులోంచీ వచ్చిన ఈస్టు పని మొదలుపెడుతుంది. కొద్ది గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాలు. ఇంకో రోజు వుంచితే వెనిగరు. ద్రాక్షరసమైతే పీపాల్లో ఏళ్ళ తరబడి వోపిగ్గా వుంటుంది, అందుకే దాని చుట్టూ కోటలు, హోటళ్ళు, పరిశ్రమలు లేచాయి. నాసిక్ దగ్గర గంగాపూర్ ఆనకట్ట నీళ్ళకి దగ్గరలో సులా వాళ్ళు వైన్ తయారీ మొదలుపెట్టి పాతికేళ్ళు దాటింది. అక్కడికి కూడా శని, ఆదివారాలు జనం బస చెయ్యటానికి పోతున్నారు. ఆ ఆనకట్ట గోదావరి మీదిదే సుమా! ఎగువన ద్రాక్షగా మారే నది, దిగువన మాకు వరిగా, చేపగా మారుతుంది. మా కల్లుకి మాత్రం పీపా లేదు, వయసు లేదు, సీసామీద బొమ్మ లేదు. పొద్దున పుట్టి సాయంత్రానికి ముసలిదైపోతుంది.

అందుకని అద్దెకొచ్చే పెద్దమనుషులు మొదట అడిగేది దాన్నే. మా పక్క వూరిలో ఒకాయన చెరువుగట్టు మకాంకి రంగులు వేయించి నిరుడు నుంచీ అద్దెకిస్తున్నాడు. వచ్చే ఫోన్లలో సగం "కల్లు దొరుకుతుందా?" అనేవేనట. కల్లు గీయాలన్నా, అమ్మాలన్నా ఎక్సైజు లైసెన్సు వుండాలని ఆయనకీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకి ఎదురు తిరిగిన రాష్ట్రం మనది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చుకుని 1997లో సడలించుకున్న రాష్ట్రం కూడా మనదే. నేను కల్లుకి శత్రువునేమీ కాను. రోజుకి రెండుపూటలా మోకు కట్టుకుని అంత ఎత్తు చెట్టెక్కి దిగే మనిషి కష్టం మీద నాకు గౌరవం వుంది. చెట్టు మీంచి పడితే ఆ యింటి పొయ్యి ఆరిపోతుంది. అటువంటి కష్టాన్ని నా మకాం అద్దెకి ఎరగా వెయ్యటానికి మాత్రం నాకు మనసొప్పదు. లైసెన్సున్న గీత కార్మికుడి దగ్గరికి వెళ్ళి ఎవరైనా కొనుక్కుంటే అది వాళ్ళిష్టం. మా గుమ్మంలో కాదు.

ఇక కొల్లేరు సంగతి. బోర్డు రాసినంత తేలిక కాదు అది. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాల పేరుతో సరస్సులో చేపల చెరువులకి దారి తీసింది. తరవాత డబ్బున్నవాళ్ళు లోపలిదాకా గట్లు పోశారు. 1999లో అయిదో కాంటూరు వరకూ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, మూడొందల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో ప్రొక్లెయిన్లు వచ్చి లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టాయి. అప్పటికి నేను నిండా పసివాణ్ణి, ఆ కథలన్నీ మా నాన్న నోట విన్నవే. మా మకాం కాంటూరుకి ఎగువన, పట్టా భూమిలో వుంది. అయినా మా గట్టు దిగితే సరస్సే. మేం పారబోసిన చెంబుడు నీళ్ళు కూడా గూడబాతుల దగ్గరికే పోతాయి.

ఇక్కడే నాకు బెజవాడ మిత్రులతో చిన్న పేచీ వుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మనమంతా బాధపడ్డాం, చేతనైనవాళ్ళం పులిహోర పొట్లాలు కట్టాం. ఆ నీళ్ళు ఆ తరవాత ఎక్కడికి పోయాయని మన హాస్టల్లో ఒక్కరూ అడగలేదు. మా వూరికి వచ్చాయి! ఒక్క వరదప్పుడేమిటి, ఏడాది పొడుగునా పట్నం మురుగు బుడమేరులో దిగి మా కొల్లేటికే వస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ మురుగుని పంపించి, శని ఆదివారాలు "ఆహా, ప్రకృతి!" అంటూ మీరు రావటం... కోపగించుకోకండి, స్నేహితుడిగా అంటున్నాను.

సరే, లెక్క చూద్దాం. పక్షులు వుండేదీ, చలి వుండేదీ నవంబరు నుంచి ఫిబ్రవరి వరకూ. పదహారు వారాలు, వారానికి రెండు రాత్రులు, రాత్రికి 2,500. అన్నీ నిండితే 80,000. చూడటానికి బాగానే వుంది. మూడెకరాల రైతుకి అది చిన్న మొత్తం కాదు. కానీ మరుగుదొడ్డి, స్నానాలగది కట్టాలంటే లక్ష దాటుతుందని మేస్త్రి అన్నాడు. తాటాకు మూడేళ్ళకో నాలుగేళ్ళకో మార్చి కప్పించాలి. ఇప్పుడు కప్పేవాళ్ళు దొరకటమే గగనం. బేరం కుదిర్చిన కంపెనీకి కొంత శాతం. దుప్పట్లు వుతకాలి. వుతికేదెవరు? చేపల పులుసు వండేదెవరు? అర్ధరాత్రి "వేన్నీళ్ళున్నాయా?" అంటే లేచేదెవరు? మా బావ లెక్కలో ఆ కాలమే లేదు. "ఆతిథ్యం మన రక్తంలోనే వుంది" అని రాశాడు. ఎవరి రక్తంలో వుందో నాకు తెలుసు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గేదెలకి చిట్టూ తవుడూ కలిపే మా అమ్మ రక్తంలో వుంది. రైతుకి రెండో ఆదాయం అని పత్రికలు రాస్తాయి. రైతు భార్యకి అది మూడో చాకిరీ అని కూడా రాస్తే బాగుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకా చెప్పనేలేదు. మా మకాం ఖాళీగా లేదు. అందులో ఇద్దరు మనుషులున్నారు.

మా చెరువుకి కాపలా వుండే ముసలాయనా, ఆయన భార్యా పదకొండేళ్ళుగా అక్కడే వుంటున్నారు. ఆయన్ని నేను తాతా అనే పిలుస్తాను. నాకు ఈత నేర్పింది ఆయనే. రాత్రిళ్ళు దొంగ వలల చప్పుడు కనిపెట్టేది, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గిందని మా నాన్నని లేపేది ఆయనే. డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ గురించి నేను ఫస్టియర్ కెమిస్ట్రీ లాబులో టైట్రేషన్ చేసి తెలుసుకున్నాను. ఆయన చీకట్లో చెవితో తెలుసుకుంటాడు. వాళ్ళకి వూళ్ళో వున్న గది కొడుకు కాపురానికే చాలదు. 2024 వరదల్లో మకాంలోకి మోకాలి లోతు నీళ్ళొస్తే తొమ్మిది రోజులు మా వసారాలో పడుకున్నారు. బావని ఫోన్లో అడిగాను, "వీళ్ళెక్కడికి పోతారు?" అని. "శని ఆదివారాలు ఎక్కడో సర్దుకుంటార్లేరా, ఓ వెయ్యి పడేద్దాం" అన్నాడు. చెడ్డవాడు కాదు మా బావ. దూరం అలా మాట్లాడిస్తుంది.

పట్నపు కుటుంబం రెండు రాత్రులు "పల్లెటూరి బతుకు" రుచి చూడటానికి, ఆ బతుకు బతుకుతున్నవాళ్ళు గట్టుమీద టార్పాలిన్ కింద పడుకోవాలా? ఫొటోలో నులకమంచం కావాలి గాని దానిమీద రోజూ పడుకునే మనిషి వద్దా? ఈ ప్రశ్నకి సమాధానం దొరకనంత కాలం నేను వ్యతిరేక పార్టీలోనే వున్నాను.

అలాగని మా పెదనాన్నలాగా "పరాయివాళ్ళని గట్టెక్కించకండి, వూరు పాడైపోతుంది" అనను. వూరు పాడవటానికి పరాయివాళ్ళే రానక్కర్లేదు. రాదలచుకున్నవాళ్ళు సరిగ్గా వస్తే మంచిదే. కేరళలో వేంబనాడు సరస్సు కూడా కొల్లేరుతో పాటు 2002లోనే రామ్‌సర్ జాబితా కెక్కింది. దాని వొడ్డున కుమరకంలో 2008 ప్రాంతంలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. హోటళ్ళు కూరగాయలూ చేపలూ బయటినుంచి తెచ్చుకోకుండా, కుటుంబశ్రీ ఆడవాళ్ళ సంఘాల దగ్గరా, ఆ వూరి రైతుల దగ్గరా కొనటం. అది స్వర్గమైపోయిందని నేను చెప్పబోవటం లేదు. కానీ డబ్బు ఎవరి చేతికి పోవాలన్నది ముందే మాట్లాడుకున్నారు. మన దేశంలో ఇళ్ళలో అతిథుల్ని పెట్టుకునే కేంద్ర ప్రభుత్వ పథకంలో కూడా యజమాని కుటుంబం ఆ యింట్లోనే కాపురం వుండాలన్న నియమం వుంది. మంచి నియమం. మా మకాంలో కాపురం వుంటున్నది ఎవరు? కాగితం మీద మా నాన్న, నిజంగా ఆ తాతా అవ్వా!

కాబట్టి నేను మా నాన్నకి చెప్పింది యిదీ. ఇప్పుడున్న మకాం జోలికి పోవద్దు. దాని పక్కన మెరక చేసి ఇంకో పాక వేద్దాం, ఒక్కటే గది. ముందు మరుగుదొడ్డి కట్టాలి, అది నలుగురూ వాడుకోవాలి, అతిథులకి ఒకటీ వాళ్ళకి ఒకటీ అని వద్దు. మా నేలలో వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్ళు, కనక మామూలు ఇంకుడుగుంట పనిచెయ్యదు. ట్యాంకు మెరకమీద, నీళ్ళు కారకుండా కట్టాలి, నిండితే తోడించాలి. గూడబాతులు పిల్లల్ని పెట్టే రోజుల్లో పాటల పెట్టెలు, టపాకాయలు వుండకూడదు. వంట మా అమ్మ చెయ్యదు, వూళ్ళో డ్వాక్రా సంఘంలో వాళ్ళు చేస్తే పూటకింత అని వాళ్ళకే ఇవ్వాలి. వచ్చిన అద్దెలో ఖర్చులు పోగా సగం తాతకి. దోనె నడిపేది ఆయనే, తెల్లవారుజామున ఏ పక్షి ఎక్కడ దిగుతుందో తెలిసినవాడు ఆయనే. బావ ఆ రోజు సరస్సు వొడ్డున కూర్చుని చూసిన దానికంటే ఎక్కువ చూపించగలడు.

"ఇన్ని షరతులు పెడితే ఎవడొస్తాడ్రా?" అన్నారు నాన్న.

మన కాలేజీలోనే జువాలజీ వాళ్ళు ఏటా పక్షులు చూడటానికి ఆటపాక వచ్చి, సాయంత్రానికి బస్సులో తిరిగిపోతున్నారు కదా, వాళ్ళే మొదటి అతిథులు ఎందుకు కాకూడదు అన్నాను. ఆయన వూఁ అనలేదు, వుహూఁ అనలేదు. మర్నాడు నేను హాస్టలుకి బస్సెక్కేటప్పుడు మాత్రం, ట్యాంకుకి ఎన్ని సిమెంటు వరలు పడతాయో కనుక్కుని ఫోన్ చెయ్యమన్నారు.