పేరొకటే, కొలతలు వేరు

పాత కార్లను పునరుద్ధరించే వారి మధ్య తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటుంది. "కారు అదే, ఇంజను అదే, ఏడాదే కదా తేడా! ఆ పుల్లీ దీనికి సరిపోదా?" ప్రశ్న సహజమైనదే. చూడబోతే పుల్లీ ఒక ఇనుప చక్రం, దానికొక గాడి, నడుమ నాలుగు రంధ్రాలు. మన బావి గిలకకు దగ్గరి చుట్టమే. అయితే బావి గిలక ఒంటరిగా పనిచేస్తుంది. ఇంజను పుల్లీ మరికొన్నిటితో వరుసలో నిలబడి పనిచేస్తుంది. చవకగా ముగియవలసిన పని ఖరీదైన మరమ్మతుగా మారేది ఈ భేదాన్ని విస్మరించినప్పుడేనని నా అభిప్రాయం.

షెవ్రోలే వారి "స్మాల్ బ్లాక్" వి-8 ఇంజనునే తీసుకుందాం. 1955 మోడల్ కార్లతో రంగప్రవేశం చేసి, దశాబ్దాల తరబడి తయారైన ఇంజను ఇది. ఒక ఏడాది భాగాలు మరో ఏడాదికి ఇట్టే అమరుతాయని దీనికి గొప్ప పేరు. ఆ పేరే ఇక్కడ మోసం చేస్తుంది. 1967, 1968, 1969 కమారోలు మూడూ ఒకే తరానికి చెందినవి. కాని 1968 వరకు వాటిలో ఉన్నది పొట్టి వాటర్ పంపు. 1969లో దాని స్థానంలో అంగుళానికి పైగా పొడవైన పంపు వచ్చింది. ఆల్టర్నేటర్ కూడా ఇంజనుకు ఒక పక్క నుంచి రెండో పక్కకు మారింది. ఇప్పుడు క్రాంక్ షాఫ్టుకు ఒక ఏడాది పుల్లీని, పంపుకు మరో ఏడాది పుల్లీని బిగిస్తే గాడులు ఒకే గీతలో నిలవవు. బెల్టు వాలుగా పరుగెత్తి, అంచులు అరిగి, ఒకనాడు ఊడిపోతుంది. పంపును తిప్పే బెల్టు పోయిందంటే ఇంజనులో నీటి ప్రవాహం ఆగినట్లే.

ఇది కంటికి కనిపించే దోషం. కనిపించనివి ఇంతకంటె ప్రమాదకరమైనవి. క్రాంక్ పుల్లీని మోసే డ్యాంపరు మీద ఇగ్నిషన్ టైమింగు చూసుకోవడానికి ఒక గీత ఉంటుంది. 1969 మార్పులతో పాటు ఆ గీత, దానికెదురుగా ఉండే సూచిక పలక, రెండూ స్థానం మార్చుకున్నాయి. పాత పలకకు కొత్త డ్యాంపరును జతచేస్తే సుమారు 8 డిగ్రీల తేడా వస్తుంది. మెకానిక్ టైమింగు లైటు పట్టుకుని, ఎంత నిజాయితీగా సరిచేసినా ఫలితం తప్పే. తేడా ఒక వైపుకైతే ఇంజను శక్తి కోల్పోయి వేడెక్కుతుంది. రెండో వైపుకైతే నాకింగు మొదలై పిస్టన్లకే ముప్పు వస్తుంది.

1970లో వచ్చిన 400 ఘనపు అంగుళాల ఇంజనుది మరో కథ. దాని డ్యాంపరులో సమతూకం కోసం ప్రత్యేకమైన బరువు ఉంటుంది. అక్కడ 350 ఇంజను డ్యాంపరు చక్కగా ఎక్కి కూర్చుంటుంది, కాని ఇంజను వణకడం మొదలుపెడుతుంది. తర్వాతి కాలంలో, అన్నిటినీ ఒకే వెడల్పాటి బెల్టుతో నడిపే పద్ధతి వచ్చినప్పుడు, చాలా అమరికల్లో పంపును బెల్టు వీపు వైపు తిప్పసాగింది. అంటే పంపు తిరిగే దిశ తారుమారైంది. అక్కడ పాత పంపును అమర్చితే పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం తగినంత కదలదు.

వ్యాసం సంగతి చిన్న లెక్కతో తేలుతుంది. 150 మిల్లీమీటర్ల క్రాంక్ పుల్లీ 60 మిల్లీమీటర్ల ఆల్టర్నేటర్ పుల్లీని రెండున్నర రెట్ల వేగంతో తిప్పుతుంది. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగితే ఆల్టర్నేటర్‌వి 15000. చిన్న పుల్లీని 50 మిల్లీమీటర్లకు మార్చితే అవే 18000 అవుతాయి. ఆ భారమంతా బేరింగుల మీదే పడుతుంది.

అందువల్ల ఏ ఏడాది కారుకు ఆ ఏడాది భాగాలే వాడి తీరాలనే ఛాందసాన్ని నేను సమర్థించను. పాత సామాను అంగళ్ళే లేకపోతే ఈ బళ్ళలో సగం ఏనాడో తుక్కయ్యేవి. నేననేది ఒక్కటే: మార్చదలచుకుంటే వరుస మొత్తాన్ని మార్చాలి. డ్యాంపరు, సూచిక పలక, పంపు, ఫ్యాను, పుల్లీలు, బ్రాకెట్లు, బెల్టు ఒకే ఇంజను మీది నుంచి దిగి, ఒకే ఇంజను మీదికి ఎక్కాలి. అది సాధ్యం కానప్పుడు పోత మీది సంఖ్యలను చూడాలి, వ్యాసాలు కొలవాలి, గాడుల మీద తిన్నని బద్ద ఆనించి చూడాలి. ఈ పనికి పది నిమిషాలు చాలు. పాత భాగాలు అమ్మేవారు కూడా పుల్లీలను విడదీసి కుప్పపోయక, ఒక ఇంజనువి ఒకే తీగకు గుచ్చి, మోడల్ ఏడాది రాసిన చీటీ కడితే కొనేవారికి ఎంతో మేలు చేసినవారవుతారు.

కారుకు పెట్టే పేరు అమ్మకం కోసం. దాన్ని చూసి కారు కొనవచ్చు గాని పుల్లీ కొనకూడదు. రంధ్రాలు కలిసినంత మాత్రాన భాగం సరిపోయినట్లు కాదు.