పసిబిడ్డకు లంఖణం మందు కాదు

భీమవరం చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి. యనమదుర్రు డ్రెయిను మురికి కాలవయింది. ఆ నీళ్ల పక్కనే మన పేటలు. పసోడికి విరేచనాలైతే 'లంఖణం పరమౌషధం' అంటూ కడుపు మాడుస్తున్నారు. అది తిని అరగనోళ్ల సామెత. మన బిడ్డలకు పనికిరాదు.

తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటితే ఉప్పేసిన గంజి, మెత్తటి పప్పన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా పెట్టండి. ఆశా కార్యకర్త నడిగి ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు బిళ్లలు తీసుకోండి. కాచి చల్లార్చిన నీళ్లలో పొట్లం కలిపి తాగించండి. విరేచనాలు తగ్గినా జింకు 14 రోజులు వేయాలి. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ కలరా రోగుల్ని బతికించింది ఇలాంటి ఉప్పు, చక్కెర నీళ్లతోనే. రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా ఆసుపత్రికి పరుగెత్తండి.

తిండి మనం మారుస్తాం. నీళ్లు మార్చాల్సిందెవరు? మంచినీళ్లు మేం దానంగా అడగడం లేదు, హక్కుగా అడుగుతున్నాం.