కోలార్ దిబ్బల్లో బంగారం: నీటి లెక్క తేలాలి

కర్ణాటకలోని కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. పట్టణాన్ని ఆనుకొని ఉన్న 13 వ్యర్థాల గుట్టలు మాత్రం అలాగే నిలిచి ఉన్నాయి. స్థానికులు వాటిని సైనైడ్ దిబ్బలంటారు. 1,003 ఎకరాలలో పరుచుకున్న ఈ దిబ్బలను వేలం వేయాలన్న కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఏటా వందల టన్నుల బంగారాన్ని దిగుమతి చేసుకుంటున్న దేశానికి ఇది ఆకర్షణీయమైన ఆలోచనే.

దిబ్బలకు ఆ పేరు తెచ్చిన పద్ధతికి 1887లో స్కాట్లండ్‌లో మాక్ఆర్థర్, ఫారెస్ట్ సోదరులు పేటెంట్ పొందారు. సాధారణ ఆమ్లాలకు లొంగని బంగారం పలుచని సైనైడ్ ద్రావణంలో కరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ బంగారాన్ని అయానుగా మారిస్తే, రెండు సైనైడ్ అయాన్లు దానిని ఇరువైపులా పట్టుకొని నీటిలో నిలుపుతాయి. ఆ ద్రావణంలో జింకు పొడి వేస్తే బంగారం మళ్లీ లోహంగా వేరుపడుతుంది. నేడు ఎక్కువచోట్ల ఉత్తేజిత కర్బనంతో దానిని గ్రహింపజేస్తున్నారు. ద్రావణంలో సున్నం కలపడం తప్పనిసరి. క్షారత తగ్గితే సైనైడ్ ప్రాణాంతక వాయువుగా పైకి లేస్తుంది.

కోలార్ దిబ్బలలోని రాయి ఇదివరకే పిండి అయింది. మూడు కిలోమీటర్ల లోతుకు దిగవలసిన అవసరమూ లేదు. అయితే టన్ను మట్టిలో దొరికేది గ్రాము లోపే. ఆ గ్రాము కోసం టన్నునంతా తడపాలి, తీశాక ఆ టన్ను మట్టీ అలాగే మిగులుతుంది.

ఇటువంటి పాత వ్యర్థాలను తిరిగి శుద్ధిచేసే కర్మాగారంలోనే రుమేనియాలోని బాయా మారే ప్రమాదం జరిగింది. 2000 జనవరి 30న వర్షానికి కరిగిన మంచు తోడై చెరువు కట్ట తెగింది. సుమారు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీరు టీసా నది మీదుగా డాన్యూబ్‌కు చేరింది. హంగరీలో వందల టన్నుల చేపలు చనిపోయాయి. విడిచే నీటిలోని సైనైడ్‌ను సల్ఫర్ డయాక్సైడ్, గాలి సాయంతో విషతీవ్రత చాలా తక్కువగా ఉండే సైనేట్‌గా మార్చే విధానం అప్పటికే ఉంది. కట్ట తెగినప్పుడు అది అక్కరకు రాదు.

ఒకప్పుడు ఈ గనులకు నీరిచ్చింది బేతమంగళ వద్ద పాలారుపై ఉన్న జలాశయం. ఆ నది ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం ప్రాంతం మీదుగా తమిళనాడుకు వెళ్తుంది. కనుక ఈ వేలం ఒక్క కర్ణాటక వ్యవహారం కాదు. నీరు ఎక్కడి నుండి తెస్తారు, కుండపోత వానకు కట్ట ఎంతవరకు ఆగుతుంది, గాలికి కాలనీల మీద పడే ధూళికి గుత్తేదారు వెళ్లిపోయాక బాధ్యులెవరు అన్నవి వేలం షరతులలోనే తేలవలసిన విషయాలు.